గోలీ పనిచేస్తోంది, మరి బతుకు ఎట్లుంది?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు మందుల కోసం వచ్చిపోయేవాళ్ళలో చాలామందిని చూస్తే రోగులని ఎవరూ అనుకోరు. ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళుంటారు, ఆటో బయట నిలిపి వచ్చినవాళ్ళుంటారు, పిల్లల ఫీజు కట్టి అటునుంచి అటే వచ్చినవాళ్ళుంటారు. ఇరవై ఏళ్ళ కింద ఇదే జబ్బుతో మనుషులను చేతుల మీద మోసుకొచ్చేవారు. ఈ మార్పు మందు తెచ్చిందే, అందులో అనుమానం లేదు. అయితే మందు పనిచేస్తోంది కాబట్టి వాళ్ళ బతుకు కూడా బాగుపడే ఉంటుందని బయటివాళ్ళం అనుకుంటున్నాం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ జీవన నాణ్యత గురించి మాట్లాడాలంటే ముందు ఈ రెంటినీ విడదీసి చూడాలి.

మందు ఎంత దూరం తెచ్చిందో మొదట చెప్పుకుందాం. మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది 1986లో, చెన్నైలో. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, అదీ 8 పెద్ద ఆసుపత్రుల్లో. మధ్యలో గడిచిన 18 ఏళ్ళలో ఎందరు పోయారో మన ఊళ్ళలో పెద్దవాళ్ళనడిగితే తెలుస్తుంది. ఉచిత మందులు వచ్చాక కూడా అందరికీ వెంటనే ఇవ్వలేదు. రోగనిరోధక శక్తికి గుర్తుగా చూసే సీడీ ఫోర్ కణాలు 200కు పడిపోయేదాకా ఆగమనేవారు. తర్వాత ఆ గీత 350కి, 500కు పెరిగింది. 2017లో గీతే తీసేశారు. ఇప్పుడు పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ ఫోర్ ఎంతున్నా మందు మొదలుపెడతారు.

మందు కూడా మారింది. తొలిరోజుల్లో వాడిన స్టావుడిన్ ప్రాణం నిలబెట్టింది గాని, బుగ్గలు పీక్కుపోయి, కాళ్ళుచేతులు సన్నబడి, మొహం చూడగానే ఎదుటివాళ్ళకు అనుమానం వచ్చేలా చేసేది. అరికాళ్ళ మంటలు అదనం. ఆ తర్వాత వచ్చిన ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, రాత్రిపూట పీడకలలు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే గోలీ, రోజుకు ఒక్కటి. కొందరికి బరువు పెరగడం, నిద్ర తక్కువ కావడం ఉంది. టెనోఫోవిర్ వల్ల కిడ్నీలను గమనిస్తూ ఉండాలి. పాత మందులతో పోలిస్తే మాత్రం ఇది చాలా తేలిక. త్వరగా మొదలుపెట్టి మానకుండా వేసుకుంటే మామూలు మనిషికి దగ్గరగా ఆయుష్షు ఉంటుంది.

2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవాళ్ళలో దేశ సగటు 0.21 శాతం అయితే తెలంగాణలో 0.47 శాతం. అంటే మన రాష్ట్రంలోనే లక్షన్నర మంది. వీళ్ళలో చాలామంది ముందు ఇంకా పాతిక, ముప్పయి ఏళ్ళ బతుకు ఉంది. ప్రాణం నిలిచింది కాబట్టే ఆ బతుకు ఎట్లుందన్న ప్రశ్న వస్తోంది.

దాన్ని ఎట్లా కొలుస్తారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకోసం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. పొట్టి రూపంలో 31 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. వీటిలో 26 ఎవరినైనా అడగదగ్గవే: నిద్ర సరిగా పడుతోందా, ఒంట్లో సత్తువ ఉందా, ఖర్చులకు డబ్బు సరిపోతోందా, పోవాల్సిన చోటికి పోయిరావడానికి వీలుందా, స్నేహితుల సాయం అందుతోందా. మిగతా 5 హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసమే చేర్చినవి. జబ్బు వల్ల శరీరానికి ఇబ్బంది ఎంత? తెలిసినవాళ్ళు మిమ్మల్ని తమలో ఒకరిగా చూస్తున్నారా? ఈ జబ్బు వచ్చినందుకు జనం తప్పుపడుతుంటే అది మిమ్మల్ని ఎంత బాధపెడుతోంది? రేపటి గురించి ఎంత భయం? చావు గురించి ఎంత దిగులు?

జవాబులను ఆరు విభాగాలుగా లెక్కగడతారు: శరీరం, మనసు, ఒకరి మీద ఆధారపడకుండా బతకగలగడం, నలుగురితో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితులు, నమ్మకాలు. రక్తంలో వైరస్ ఎంతుందో చూపే వైరల్ లోడ్ రిపోర్టు చెప్పేది వీటిలో మొదటిదాని గురించే, అదీ కొంతమేరకే. ప్రపంచమంతా పెట్టుకున్న 95-95-95 (ఒక్కోటి 95 శాతం) లక్ష్యంలో కూడా ఉన్నవి ఆ కొలతలే: ఎంతమందికి తమకు హెచ్‌ఐవీ ఉందని తెలుసు, తెలిసినవాళ్ళలో ఎంతమంది మందు వాడుతున్నారు, వాడుతున్నవాళ్ళలో ఎంతమందికి వైరస్ అణిగింది. జీవన నాణ్యతను నాలుగో లక్ష్యంగా చేర్చాలని 2016లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. అది సరైన మాటే. కానీ చేర్చినంత మాత్రాన చిక్కు తీరదు, ఎందుకంటే ఈ కొలతలోనే రెండు ముళ్ళున్నాయి.

మొదటిది. 2005లో సీడీ ఫోర్ 40కి పడిపోయి, టీబీతో ఎముకలగూడై, ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్న మనిషిని అనుకోండి. ఆయన ఇప్పుడు తన రెండెకరాల మిర్చి తానే చూసుకుంటున్నాడు. బతుకు ఎట్లుందని అడిగితే 5 వేస్తాడు. నిరుడు పాజిటివ్ అని తెలిసిన 23 ఏళ్ళ కుర్రాడి సీడీ ఫోర్ 600 ఉంటుంది, ఒంట్లో ఏ బాధా ఉండదు. అతను 2 వేస్తాడు. శరీరాలను పక్కపక్కన పెడితే కుర్రాడిదే మేలు. కానీ మనిషి తన బతుకును డాక్టరు కొలబద్దతో కొలుచుకోడు, తాను చూసివచ్చిన దానితోనూ తాను ఆశించిన దానితోనూ కొలుచుకుంటాడు. అందుకే సగటు మార్కు బాగుందని సంబరపడితే, కొత్తగా తెలిసినవాళ్ళ మొదటి ఏడాది నరకం ఆ సగటు కింద కనబడకుండా పోతుంది.

రెండోది ఇంకా లోతైనది. 'తెలిసినవాళ్ళు మిమ్మల్ని తమలో ఒకరిగా చూస్తున్నారా' అన్న ప్రశ్ననే తీసుకోండి. ఎవరికీ చెప్పని మనిషి దీనికి ఏమని జవాబివ్వాలి? ఊరంతా ఆమెను పిలుస్తుంది, బతుకమ్మ ఆడేచోట పక్కన నిలబెట్టుకుంటుంది, పెళ్ళిలో వంటకు సాయం రమ్మంటుంది. 5 వేయవచ్చు. కానీ ఊరు కలుపుకుంటున్నది తనకు తెలిసిన మనిషినే. అసలు సంగతి తెలిస్తే వంటింట్లోకి రానిస్తుందా అన్నది ఆమెకూ తెలియదు, ఊరికీ తెలియదు. ఇక్కడ మంచి మార్కు అంటే గుట్టు బాగా దాగిందని కూడా కావచ్చు. చెప్పుకున్న మనిషి 3 వేస్తే, ఇద్దరిలో ఎవరి బతుకు తేలికో ఆ అంకెలు చెప్పవు.

దాచడం అనే రోజువారీ పని

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మందు సరిగా వేసుకుంటున్న మనిషికి ఈరోజు మన దగ్గర జబ్బుకంటే జబ్బును దాచడమే పెద్ద పని. దాని ఖర్చు ఏ రిపోర్టులోనూ కనబడదు.

పరకాల దిక్కు నుంచి వచ్చే ఒకామె మందుల సీసా తీసుకోగానే చేసే పని చూశాను. సీసాలో 30 గోలీలుంటాయి, నడుస్తుంటే సంచిలో గలగలమంటాయి. మూత తీసి, గోలీల మీద ఇంత దూది కుక్కి, మళ్ళీ బిగించి, చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది. చప్పుడు రాలేదు. పైన అంటించిన కాగితాన్ని గోటితో గీకి గీకి తీసేసి, ముక్కలు కూడా అక్కడ పడేయకుండా కొంగున ముడేసుకుంది. ఇంట్లో అది బియ్యం డబ్బా అడుగున ఉంటుంది. అత్తకు తెలుసు, ఆడబిడ్డకు తెలియదు. గోలీ మింగడం ఎప్పుడో అలవాటైందట, దాచడమే ఇంకా అలవాటు కావడం లేదట.

(దూది పెట్టినా ఫరవాలేదు, సీసాలో ఉండే తేమ పీల్చే చిన్న పొట్లాన్ని మాత్రం పారేయకూడదు. గోలీలను సీసాలోంచి తీసి కాగితంలో పొట్లం కట్టుకుంటే తేమకు పాడవుతాయి. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.)

ఇట్లాంటి పనులు ఎన్నో. దగ్గరలోని లింక్ ఏఆర్‌టీ సెంటర్‌లో మందు దొరుకుతున్నా, అక్కడి వరండాలో తమ ఊరివాళ్ళు కనబడతారని వేరే జిల్లాకు పోతారు. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు 100 కిలోమీటర్లు. పోను రాను ఒక రోజు కూలి పోతుంది, పత్తి ఏరే రోజుల్లో ఆ కూలి విలువ ఎక్కువ. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక వాళ్ళకు చార్జీ భారం తగ్గింది. హెచ్‌ఐవీ కోసం పెట్టిన పథకం కాకపోయినా వాళ్ళకు దక్కిన మేలు చిన్నది కాదు. మగవాళ్ళకు ఆ ఖర్చు అట్లాగే ఉంది.

మేడారం జాతరకు బండి కట్టుకుని పోతే నాలుగు రోజులు చుట్టపక్కాలంతా ఒకే గుడారం. గోలీ ఎప్పుడు తీయాలి? నీళ్ళు అడిగితే ఎందుకని అడుగుతారు. పెళ్ళిళ్ళు, దినాలు, రాత్రి జాగారాలు, అన్నిచోట్లా ఇదే. కొందరు అందుకే జాతరకే పోవడం మానేస్తారు, కొందరు ఆ నాలుగు రోజులు గోలీ మానేస్తారు. మొదటిదాంట్లో మనిషి నలుగురికీ దూరమవుతాడు. రెండోదాంట్లో, అది అలవాటుగా మారితే, వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇక్కడ జీవన నాణ్యత, వైద్యం రెండూ ఒకే ముడిలో పడతాయి. దాచడం కష్టమైనప్పుడల్లా మందు తప్పుతుంది.

మగవాళ్ళలో ఇంకో కారణం కల్లు. కల్లు తాగిన రోజు గోలీ వేసుకుంటే విషమవుతుందని నమ్మి ఆ రోజుకు మానేసేవాళ్ళున్నారు. తాగుడు మంచిది కాదు, అది వేరే మాట. కానీ తాగిన రోజు కూడా గోలీ వేసుకోవాల్సిందే. డోసు తప్పడమే అసలు నష్టం.

ఉత్తర తెలంగాణలో గుట్టుకు ఇంకో ముప్పు గల్ఫ్ రూపంలో వస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు గల్ఫ్ పోవడం ఇంటి లెక్కల్లో భాగం. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్ లాంటి దేశాలు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు పని వీసా ఇవ్వవు, అక్కడికి పోయాక తేలితే తిప్పి పంపేస్తాయి. పోయేముందు ఇక్కడే చేసే వైద్య పరీక్షలో, అంటే మెడికల్‌లో, ఆగిపోయినవాడికి ఒకేరోజు మూడు దెబ్బలు: జబ్బుందని తెలియడం, ఏజెంటుకు కట్టిన అప్పు మీద పడటం, ఊళ్ళో అందరూ ఎందుకు పోలేదని అడగడం. మెడికల్‌లో ఆగిపోవడానికి టీబీ, కామెర్లు లాంటి కారణాలు కూడా ఉండవచ్చని ఊరు ఆలోచించదు. పని చేసే సత్తువ నిండా ఉన్న మనిషికి, పోవాలనుకున్న దారి మాత్రం మూసుకుపోతుంది. కౌన్సెలింగ్‌లో మందు గురించి, కండోమ్ గురించి చెప్పినంత వివరంగా ఈ అప్పు గురించి, మళ్ళీ ఏం పని చేసుకోవాలన్న దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అది పెద్ద లోటు.

శరీరం సంగతి

ఇక్కడ క్లుప్తంగా చెప్పవచ్చు. టీబీ ఇప్పటికీ పెద్ద శత్రువే, అందుకే దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి వచ్చిన ప్రతిసారీ అడుగుతారు. టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. కాబట్టి రెండు చోట్ల మందులు తీసుకునేవాళ్ళు రెండు చోట్లా చెప్పాలి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం గోలీలను అన్నంతో పాటు ఏఆర్‌టీతో కలిపి వేసుకోవచ్చు, పరగడుపున మాత్రం కలిపి వేసుకోకూడదు. కడుపుమంటకు తాగే సిరప్‌లైతే, గోలీ వేసుకున్నాక 2 గంటలు ఆగి తాగాలి, లేదా సిరప్ తాగిన 6 గంటలకు గోలీ వేసుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ళ కంటే 6 రెట్లు ఎక్కువ. ఆ పరీక్ష చేయించుకోవాలని వాళ్ళకు గట్టిగా చెప్పాలి. వయసు మీదపడుతున్నకొద్దీ బీపీ, షుగర్, గుండె జబ్బుల సంగతీ చూసుకోవాలి. వాటికోసం మామూలు డాక్టరు దగ్గరకు పోయినప్పుడు ఏఆర్‌టీ సంగతి చెప్పాలా వద్దా అన్న భయం మళ్ళీ మొదలు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదును డోలుటెగ్రావిర్‌తో ఉన్నప్పుడు తగ్గించి చూసుకోవాలి కాబట్టి చెప్పక తప్పదు.

ఊళ్ళకు ఇంకా చేరని కబురు

వైద్యశాస్త్రం ఇచ్చిన ఒక పెద్ద ఊరట మన దగ్గర సగం మందికి కూడా తెలిసినట్టు కనబడదు. మందు మానకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి అక్కడే నిలబడితే, లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు. 2011లో బయటికొచ్చిన హెచ్‌పీటీఎన్ 052 పరిశోధనలో మన పుణె, చెన్నై జంటలు కూడా ఉన్నారు. ముందే మందు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గిందని అందులో తేలింది. తర్వాత యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ పరిశోధన ఫలితాలు 2016లో, 2019లో వచ్చాయి. వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన ఘటన ఒక్కటీ దొరకలేదు.

పిల్లల విషయంలోనూ అంతే. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లి మందు వాడుతూ, బిడ్డకు పుట్టగానే మందిస్తే అది 5 శాతం కంటే తక్కువకు దిగుతుంది. బిడ్డకు 6 వారాలకు మొదటి పరీక్ష, 18 నెలలకు ఖరారు చేసే పరీక్ష. పాలివ్వడం ద్వారా ముప్పు తక్కువే అయినా పూర్తిగా సున్నా కాదు, అందుకే పాల సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

ఈ కబురు తెలిసిన జంటకూ తెలియని జంటకూ తేడా ఎంతో ఆలోచించండి. భార్యకు సోకుతుందేమోనని ఏళ్ళ తరబడి వేరే మంచం మీద పడుకున్న భర్తలున్నారు. తన వల్ల కాదు, భర్త వల్లే వచ్చిందని తెలిసినా నింద మోస్తున్న భార్యలున్నారు. సంబంధాల విభాగంలో మార్కులు తగ్గేది ఎక్కువగా ఇక్కడే. వైరల్ లోడ్ కాగితం చేతికిచ్చేటప్పుడు 'బాగుంది, మానకుండా వాడు' అని పంపేయకుండా, ఆ అంకెకు వాళ్ళ కాపురంలో అర్థమేమిటో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్తే, ఏ కొత్త మందూ ఇవ్వలేని మేలు జరుగుతుంది.

చట్టం ఏమంటుంది, ఎవరికి తెలుసు?

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వేటిలోనూ వివక్ష చూపకూడదు. భర్త పోయాక కోడలిని ఇంట్లోంచి పంపేయడం మన ఊళ్ళలో చూసిందే. ఉమ్మడిగా ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని ఈ చట్టం స్పష్టంగా చెప్తుంది. హెచ్‌ఐవీ బారిన పడిన ఇంట్లో 12 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న అక్కో అన్నో ఇంటిని నడపగల తెలివితేటలతో ఉంటే, తమ్ముళ్ళూ చెల్లెళ్ళకు సంరక్షకులుగా ఉండవచ్చని కూడా అంటుంది. ద్వేషం రెచ్చగొట్టేవాళ్ళకు 3 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలి. కోర్టుకు వెళ్తే పేరు బయటపెట్టకుండా విచారణ కోరవచ్చు.

ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఎందుకంటే వివక్ష మీద ఫిర్యాదు చేయాలంటే గుట్టు విప్పాలేమోనన్న భయమే చట్టాన్ని కాగితం మీదే ఉంచేస్తోంది. ఆపరేషన్ చేయనన్న డాక్టరు మీద, ఇల్లు ఖాళీ చేయమన్న యజమాని మీద మాట ఎత్తకుండా ఊరుకునేది హక్కు తెలియకనే కాదు, ఎత్తితే ఇంకా పదిమందికి తెలుస్తుందని.

పింఛను దగ్గరా అదే చిక్కు. ఏఆర్‌టీ మందు వాడుతున్నవాళ్ళకు తెలంగాణలో ప్రభుత్వ పింఛను ఉంది, 2019లో దాన్ని నెలకు 2016 రూపాయలు చేశారు. కూలి పనికి పోలేని రోజుల్లో అది చిన్న సాయం కాదు. కానీ అడగాలంటే తన సంగతి ఎక్కడో ఒక కాగితం మీదకు ఎక్కాలి. అవసరం ఉండి కూడా అడగనివాళ్ళు అందుకే ఉన్నారు.

ఇందుకే, ధైర్యంగా బయటికొచ్చి చెప్పుకోండి అని వేదికల మీద చెప్పే సలహాతో నేను ఏకీభవించను. చెప్పుకున్నవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. వాళ్ళు నడిపే పాజిటివ్ నెట్‌వర్కులే ఎందరికో దారి చూపాయి. కానీ పెళ్ళి కావాల్సిన బిడ్డ ఉన్న తల్లినీ, నలుగురిళ్ళలో వంట చేసి బతికే మనిషినీ చెప్పుకొమ్మనడం, నష్టమంతా ఆమె నెత్తిన పెట్టి మనం మంచివాళ్ళం కావడమే. చేయాల్సింది గుట్టు మోసే ఖర్చు తగ్గించడం. నిలకడగా ఉన్నవాళ్ళకు 3 నెలల మందు ఒకేసారి ఇస్తే ఏడాదికి 12 సార్లు బదులు 4 సార్లు వస్తే సరిపోతుంది. పేరు పెట్టి గట్టిగా పిలవకపోవడం, చప్పుడు రాని డబ్బా, ఇతర జబ్బులవాళ్ళు కూడా కూర్చునే వరండా, ఇవన్నీ జీవన నాణ్యత కిందకే వస్తాయి.

పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళ దగ్గరకొస్తున్నారు. చిన్నప్పుడు బలం గోలీ అని చెప్పి మింగించినదాని అసలు పేరు వాళ్ళకు ఎవరో ఒకరోజు చెప్పాలి. గురుకుల హాస్టల్లో ట్రంకుపెట్టె అడుగున మందు దాచుకుని చదివిన పిల్లలు వాళ్ళు. సంగతి ముందు ఇంట్లోవాళ్ళ నోట, వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా తెలిస్తే తట్టుకుంటారు. పాఠ్యపుస్తకంలో గోలీ పేరు చదివి వాళ్ళంతట వాళ్ళు కనిపెడితే, మందు మీదా ఇంట్లోవాళ్ళ మీదా నమ్మకం ఒకేసారి పోతుంది. పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇళ్ళు ఈ పనిని వాయిదా వేయకూడదు, దానికి ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్ సాయం అడగవచ్చు.

కొత్తగా తెలిసినవాళ్ళకైనా అందరికీ చెప్పాల్సిన అవసరం లేదు. ఇంట్లో ఒక్కరికి చెప్పుకోగలిగితే మందు గుర్తుచేసేవాళ్ళు, జ్వరమొస్తే దవాఖానకు తోడొచ్చేవాళ్ళు దొరుకుతారు. ఆ ఒక్కరు ఎవరైతే మంచిదో కౌన్సెలర్‌తో కూర్చుని తేల్చుకోవచ్చు. పని కోసం వేరే జిల్లాకు మారితే మందు ఆపకుండా అక్కడి సెంటర్‌కు బదిలీ రాయించుకోవచ్చు. నిలకడ వచ్చాక 3 నెలల మందు ఇస్తారా అని, ఏడాదికోసారి చేయాల్సిన వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడని మనమే అడగాలి. సెంటర్‌కు పోవడానికి ముందే ఏదైనా అడగాలనుకుంటే 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు.